పిడికెడు బియ్యం ఎంత దూరం వెళ్తుంది? చిన్న సంఘం, పెద్ద ప్రపంచం

 

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న తీసుకుందాం. యవ్వనస్తుల కూడికల్లో ఈ ప్రశ్న రెండు రకాలుగా వినిపిస్తుంది. మొదటిది ఇలా ఉంటుంది: "అన్నా, మన సంఘంలో మొత్తం నలభై కుటుంబాలు. సగం మంది కూలి పనికి పోయేవాళ్ళు. మన మందిరానికి ఇంకా రేకులే. మనం సూడాన్ గురించి ఏం చేయగలం? మణిపూర్ గురించి ఏం చేయగలం? ప్రార్థన అంశాల్లో చదువుతాం, ఆమేన్ అంటాం, అంతే కదా!"

రెండోది కొంచెం కోపంగా వస్తుంది: "ముందు మన వాళ్ళని చూసుకుందాం అన్నా. మన వీధిలో విధవరాలికి మందులకి డబ్బుల్లేవు. ఎక్కడో ఉన్న దేశం గురించి మనకెందుకు?"

రెండూ నిజాయితీగా అడిగేవే. అందుకే కొట్టిపారేయకుండా కూర్చుని ఆలోచిద్దాం. ఇవాళ నేను చెప్పబోయేది ఏంటంటే, ఊళ్ళో సంఘం, లోకం మీద జాలి, ఇవి రెండు వేర్వేరు డిపార్ట్‌మెంట్లు కావు. ఒకటి పాడైతే రెండోది కూడా పాడవుతుంది. దీనికి బైబిల్లో ఆధారం ఉంది, మన తెలుగు నేల మీద చరిత్ర కూడా ఉంది. ఒంగోలు నుండి సౌత్ ఆఫ్రికా దాకా వెళ్ళొద్దాం. వీడియో చూడకుండా ఇక్కడ చదువుతున్నవాళ్ళు పక్కన బైబిల్ యాప్ ఓపెన్ చేసి పెట్టుకోండి. వచనాలు నేను చదవను, రిఫరెన్సు చెప్తాను, మీరే చూసుకోండి.

అంతియొకయ: పేరు వచ్చిన వెంటనే వచ్చిన పని

అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం. శిష్యుల్ని మొట్టమొదట "క్రైస్తవులు" అని పిలిచింది అంతియొకయలో. ఇది సండే స్కూల్ క్విజ్‌లో గ్యారంటీగా అడిగే ప్రశ్న, మనందరికీ తెలుసు. 26వ వచనం.

కానీ 27 నుండి 30 దాకా ఎంతమంది చదివారు? అగబు అనే ప్రవక్త వచ్చి, గొప్ప కరువు రాబోతుందని చెప్తాడు. అది క్లౌదియ చక్రవర్తి కాలంలో వచ్చింది. అప్పుడు అంతియొకయలో ఉన్న శిష్యులు ఏం చేశారు? ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు డబ్బు వేసుకుని, యూదయలో ఉన్న సహోదరులకి పంపించారు. బర్నబా, సౌలు చేతికిచ్చి మరీ పంపారు.

ఒక్కసారి ఆగి చూడండి. అంతియొకయ సిరియాలో ఉంది. యెరూషలేము వందల కిలోమీటర్ల దూరం. ఇక్కడ గ్రీకు మాట్లాడే అన్యజనులు ఎక్కువ, అక్కడ యూదులు. కలిసి భోజనానికి కూర్చోవచ్చా లేదా అన్న దగ్గరే తర్వాత గొడవలు వచ్చాయి. అలాంటి వాళ్ళ మధ్య మొదట నడిచింది సహాయం. క్రైస్తవులు అనే పేరు వచ్చిన నాలుగు వచనాల్లోపే ఆ సంఘం వేరే దేశం వాళ్ళ ఆకలి గురించి కానుక పోగేసింది. అప్పటికి ఆ సంఘానికి వయసెంత? పసిబిడ్డ. "మేము కొత్తగా మొదలైన సంఘం, ముందు సెటిల్ అవ్వనివ్వండి" అని వాళ్ళు అనలేదు.

ఇంకో మాట. ఆ అంతియొకయని ఇప్పుడు అంతాక్యా అంటారు, టర్కీలో ఉంది. 2023 ఫిబ్రవరి 6న వచ్చిన భూకంపంలో ఘోరంగా దెబ్బతిన్న ఊళ్ళలో అది ఒకటి. అక్కడి పాత చర్చి కూడా కూలిపోయింది. ఒకప్పుడు సహాయం పంపిన ఊరు, ఇప్పుడు సహాయం అందుకున్న ఊరు. ఇచ్చేవాళ్ళు, తీసుకునేవాళ్ళు అని మనుషుల్ని శాశ్వతంగా రెండు లైన్లలో నిలబెట్టలేం. లైను మారుతూ ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన తెలుగు కథకి కూడా ఇది పనికొస్తుంది.

కొరింథు: ముందు బల్ల, తర్వాత కానుక పెట్టె

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. పౌలు కొరింథువాళ్ళకి రాసిన మొదటి పత్రిక, 16వ అధ్యాయం మొదటి నాలుగు వచనాలు. యెరూషలేము పేదల కోసం చందా ఎలా పోగెయ్యాలో చెప్తున్నాడు. పద్ధతి చూడండి, ఎంత సింపుల్‌గా ఉందో. వారానికోసారి, ఆదివారం నాడు, ప్రతి ఒక్కరూ, తమకి కలిగిన దాన్ని బట్టి కొంత పక్కన పెట్టాలి. నేను వచ్చినప్పుడు హడావుడిగా పోగు చెయ్యొద్దు అంటాడు.

ఇందులో ఎమోషనల్ మ్యూజిక్ లేదు. పెద్ద స్టేజీ లేదు. "ఇప్పుడు ఎవరు లక్ష ఇస్తారు, చెయ్యెత్తండి" అనడం లేదు. వారం వారం కొంచెం, అందరూ. మన భాషలో చెప్పాలంటే ఆటో పే పెట్టుకోమన్నాడు.

కానీ ఇదే పత్రికలో 11వ అధ్యాయం ఉంది. 17 నుండి 22 వరకు చూడండి. ప్రభు రాత్రి భోజనానికి కూడుకున్నప్పుడు కొరింథులో ఏం జరుగుతోంది? ఉన్నవాళ్ళు ముందే వచ్చి కడుపునిండా తినేస్తున్నారు. పని ముగించుకుని ఆలస్యంగా వచ్చే పేదవాడు ఆకలితో నిలబడుతున్నాడు. పౌలుకి కోపం వచ్చింది. లేనివాళ్ళని సిగ్గుపరుస్తున్నారా అని నిలదీశాడు.

ఆర్డర్ గమనించండి. 11లో బల్ల దగ్గర తేడాలు సరిచేసుకోమన్నాడు. 16లో దూరపు పేదల కోసం కానుక పోగెయ్యమన్నాడు. ఒకే ఉత్తరం, ఒకే సంఘం. బల్ల దగ్గర పక్కన కూర్చున్నవాడి ఆకలి కనపడనివాడికి, సముద్రం అవతల ఉన్నవాడి ఆకలి ఎలా కనపడుతుంది? ఒకవేళ కనపడినా, అది జాలి అవ్వదు, షో అవుతుంది.

ఇప్పుడు ఇది మన సంఘాలకి పెట్టి చూడండి, కొంచెం నొప్పిగా ఉంటుంది. ప్రేమ విందులో ఎవరు ముందు కూర్చుంటారు, ఎవరు ఆఖరి బంతిలో తింటారు? వడ్డించేది ఎవరు, గిన్నెలు తోమేది ఎవరు? క్రైస్తవులమే అయినా పెళ్ళి సంబంధం దగ్గరకి వచ్చేసరికి ముందు అడిగేది ఏంటి? ఒకే ఊళ్ళో, ఒకే డినామినేషన్‌కి, ఆ పేటకో మందిరం ఈ పేటకో మందిరం ఎందుకుంది? కొన్ని చోట్ల సమాధుల దగ్గర కూడా గీత గీసి ఉంటుంది. ఆఫ్రికా కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేసి, పక్క పేట సహోదరుడి ఇంట్లో మంచినీళ్ళు తాగకపోతే, ఆ ప్రార్థనని ఏమనాలి? పౌలు ఉంటే మనకి కూడా 11వ అధ్యాయమే ముందు పంపేవాడు.

"ముందు మన వాళ్ళని చూసుకుందాం" అన్న తమ్ముడికి ఇది సగం జవాబు. నువ్వన్నది సగం కరెక్ట్. ఇంట్లో బల్ల సరిచెయ్యాలి. కానీ పౌలు 11 దగ్గర పెన్ను కింద పెట్టలేదు, 16 దాకా రాశాడు. "మన వాళ్ళు" అనే మాట ఎంత దూరం సాగుతుందో చూపించాడు.

మిగతా సగం రెండో పత్రికలో ఉంది, 8, 9 అధ్యాయాలు. ఇక్కడ మూడు సంగతులు చెప్పి ముందుకి వెళ్తాను.

ఒకటి, మాసిదోనియ సంఘాలు. వాళ్ళు బాగా పేదవాళ్ళు, శ్రమల్లో ఉన్నవాళ్ళు. అయినా మాక్కూడా ఈ పనిలో భాగం ఇవ్వండి అని వాళ్ళే బతిమాలారు. పేద సంఘం ఇవ్వలేదు అనేది మనం పెట్టుకున్న రూల్, బైబిల్ పెట్టలేదు.

రెండు, కొరింథువాళ్ళు సంవత్సరం క్రితమే ఇస్తామని మొదలుపెట్టి ఆపేశారు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి, ఇలాంటివి చాలా చూశాను. టికెట్ ఓపెన్ చేస్తారు, స్టేటస్ "ఇన్ ప్రోగ్రెస్" అని పెడతారు, ఏడాది తర్వాత కూడా అది అక్కడే ఉంటుంది. పౌలు మర్యాదగా ఫాలో అప్ చేశాడు: మొదలుపెట్టింది పూర్తి చెయ్యండి అని.

మూడు, లెక్కలు. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. 8వ అధ్యాయం 18 నుండి 21. ఆ డబ్బు విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని పౌలు జాగ్రత్త పడుతున్నాడు. తీతుతో పాటు, సంఘాలు ఏర్పరచిన ఇంకో సహోదరుణ్ణి పంపుతున్నాడు. దేవుడి ముందు మాత్రమే కాదు, మనుషుల ముందు కూడా క్లీన్‌గా ఉండాలట. తర్వాత అపొస్తలుల కార్యములు 20:4లో పౌలుతో ప్రయాణం చేసిన వాళ్ళ లిస్టు ఉంటుంది. బెరయ నుండి ఒకరు, థెస్సలొనీక నుండి ఇద్దరు, దెర్బే నుండి ఒకరు, తిమోతి, ఆసియ నుండి ఇద్దరు. మొత్తం ఏడుగురు. వీళ్ళు ఆ కానుకతో వెళ్ళిన సంఘాల ప్రతినిధులే అని చాలామంది పండితులు అంటారు. అంటే పౌలంతటి అపొస్తలుడు కూడా "నేను దైవజనుణ్ణి, నన్ను లెక్క అడుగుతారా" అనలేదు. అడగకముందే సాక్షుల్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు.

ఒంగోలు నుండి నాటాల్ దాకా

ఇప్పుడు మన ఊళ్ళకి వద్దాం. 1876 నుండి 1878 వరకు దక్షిణ భారతంలో మహా కరువు. పెద్దవాళ్ళు ధాత కరువు అంటారు. లక్షల మంది చనిపోయారు. అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నారు. ఆయనకి యవ్వనంలో సర్వే పని తెలుసు. కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. ఊళ్ళ బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చినవాళ్ళకి పనిచ్చి, కూలి ఇచ్చారు. ఆ పనికి వచ్చినవాళ్ళలో చాలామంది మాదిగ కుటుంబాల వాళ్ళు, ఊరు బయటికి నెట్టేసినవాళ్ళు.

ఇక్కడ ఒక డీటెయిల్ ఉంది. కరువు నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. వేలమంది అడుగుతున్నా ఇవ్వలేదు. ఎందుకంటే అన్నం కోసం మతం మారారనే మాట రాకూడదు, అన్నం ఎర కాకూడదు. కరువు సహాయం ముగిశాక మొదలుపెట్టారు. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటి దగ్గర వెల్లంపల్లిలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ.

ఈ కథ చాలామంది పాస్టర్లు చెప్తారు. 2,222 అనే నంబర్ దగ్గర చప్పట్లు కొట్టి ఆపేస్తారు. నాకు ఆ నంబర్ కంటే, ఆ ముందు ఆగిన నెలలు గొప్పవిగా అనిపిస్తాయి. ఆకలితో ఉన్నవాడి చేతిలో అన్నం పెట్టి, ఆ చేతిని మెలిపెట్టకపోవడం. కరుణకి అదే టెస్టు. మనం ఇచ్చే దుప్పటికి, మనం ఇచ్చే బియ్యం మూటకి, కండిషన్ ఉందా లేదా?

సరే, తర్వాత ఏమైంది? పాతికేళ్ళు ముందుకి వెళ్దాం. 1903. అప్పటికి సౌత్ ఆఫ్రికాలోని నాటాల్‌కి మన వాళ్ళు వెళ్ళడం మొదలై నలభై ఏళ్ళు దాటింది. 1860 నుండి 1911 వరకు లక్షా 52 వేల మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్ళారు. అయిదేళ్ళ అగ్రిమెంటు, చెరకు తోటలు, తేయాకు తోటలు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళు కూడా చాలామంది. అక్కడ తెలుగు బాప్టిస్టు కుటుంబాలు ఉన్నాయి, కానీ వాళ్ళ భాషలో మాట్లాడే కాపరి లేడు.

నెల్లూరు కేంద్రంగా తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సొసైటీ ఉండేది. ఆ సొసైటీ జాన్ రంగయ్య అనే తెలుగాయన్ని నాటాల్‌కి పంపింది. 1903 డిసెంబర్ 27న కియర్స్‌నీ తేయాకు తోట ప్రాంతంలో తెలుగు బాప్టిస్టు సంఘం మొదలైంది. ఆయన ఆ దేశంలోనే పనిచేసి 1915లో చనిపోయారు. ఆ సంఘాల వారసత్వం సౌత్ ఆఫ్రికాలో ఇవాళ్టికీ ఉంది.

దీన్ని కొంచెం మనసులో పెట్టుకోండి. గుండ్లకమ్మలో దిగినవాళ్ళ తరం ఇంకా బతికే ఉంది. వాళ్ళ చేతుల్లో ఏముంది? భూముల్లేవు, ఉద్యోగాల్లేవు, ఊళ్ళో బావి దగ్గరకి వెళ్ళే హక్కు కూడా చాలా చోట్ల లేదు. వాళ్ళలాంటి వాళ్ళతో నిండిన తెలుగు సంఘాలు, వేరే ఖండంలో చెరకు నరుకుతున్న మనిషి గురించి ఆలోచించాయి. పాతికేళ్ళలో తీసుకునే లైను నుండి ఇచ్చే లైనులోకి వచ్చాయి. అంతియొకయ దగ్గర చెప్పానే, లైను మారుతూ ఉంటుందని? ఇదే.

కాబట్టి "నలభై కుటుంబాలు, రేకుల షెడ్డు" అని అడిగిన తమ్ముడూ, మన తాతముత్తాతలకి రేకులు కూడా లేవు. తాటాకు పాక. అక్కడి నుండే ఓడ బయల్దేరింది.

ఇవ్వడం ఒకటి, స్నేహం ఒకటి

ఇంకో ఊరు: డోర్నకల్. ఇప్పుడు తెలంగాణలో మహబూబాబాద్ జిల్లా. ట్రైన్ జంక్షన్‌గా చాలామందికి తెలుసు. 1903లోనే తమిళనాడు తిరునెల్వేలిలో అక్కడి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. వాళ్ళు పని చెయ్యడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. వాళ్ళకి తెలుగు రాదు. నేర్చుకున్నారు. అలా వచ్చినవాళ్ళలో ఒకరు వి. ఎస్. అజరయ్య. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు, డోర్నకల్ బిషప్‌గా.

అంతకి రెండేళ్ళ ముందు, 1910లో, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రపంచం నలుమూలల నుండి పెద్ద పెద్ద మిషనరీ నాయకులు కూర్చున్నారు. అక్కడ 35 ఏళ్ళ అజరయ్య లేచి మాట్లాడారు. ఆయన మాటల సారం ఇది: మీరు మాకోసం చాలా ఇచ్చారు, త్యాగాలు చేశారు, మేము కృతజ్ఞులం. కానీ మాకు మీ నుండి ఇంకోటి కావాలి, అది స్నేహం. మమ్మల్ని స్నేహితులుగా చూడండి. ఆ హాల్లో చాలామందికి ఆ మాట మింగుడుపడలేదు.

నూరేళ్ళు దాటిపోయినా ఆ మాటకి పదును తగ్గలేదు. ఎందుకంటే ఇప్పుడు స్టేజీ మీద ఉన్నది మనం. దుప్పట్లు పంచేటప్పుడు ఫ్లెక్సీ పట్టుకునేది మనం. ఒక్క అరటిపండు పట్టుకుని, హాస్పిటల్ బెడ్ మీద ఉన్న పెద్దావిడ పక్కన ఆరుగురు నిలబడి ఫోటో దిగేది మనం. ఆ ఫోటోలో ఆవిడ ముఖం చూశారా ఎప్పుడైనా? కెమెరా వైపు చూడలేక తల దించుకుని ఉంటుంది. ఆ ఫోటో స్టేటస్‌లో పెడితే ఆవిడ మనవడు కూడా చూస్తాడు, వాడి క్లాస్‌మేట్స్ కూడా చూస్తారు. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాడు, మత్తయి 6:3. మనం మాత్రం రెండు చేతుల్లోనూ ఫోన్ పట్టుకుని ఇస్తున్నాం.

నేను వీడియోలు చేసేవాణ్ణి, ఫోన్ వద్దు అని చెప్పడం లేదు. మందిరానికి చేరిన బియ్యం బస్తాల ఫోటో తియ్యండి, ఖర్చుల బిల్లు ఫోటో తియ్యండి. తీసుకునే మనిషి ముఖం మాత్రం వదిలెయ్యండి. ఆమెకి పేరుంది, ఆమె దగ్గర కూర్చుని ఓ పది నిమిషాలు మాట్లాడండి. మళ్ళీ వారం వెళ్ళండి. అది స్నేహం.

పిడికెడు లెక్క

ఇప్పుడు టైటిల్‌లో చెప్పిన పిడికెడు బియ్యం దగ్గరకి వద్దాం. మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘాల్లో "బుహ్ఫాయ్ థామ్" అని ఒక అలవాటు ఉంది. 1910లో మొదలైంది. బుహ్ఫాయ్ అంటే బియ్యం, థామ్ అంటే పిడికెడు. వంట మొదలుపెట్టేటప్పుడు ఇంటావిడ ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆ బియ్యాన్ని సంఘం స్త్రీలు పోగుచేసి, అమ్మి, ఆ డబ్బుని సేవకి వాడతారు. నూరేళ్ళకి పైగా ఇదే నడుస్తోంది. అప్పట్లో వాళ్ళు పేదవాళ్ళు, డబ్బు లేదు. బియ్యం ఉంది, పిడికిలి ఉంది.

మన తెలుగు సంఘాల్లోనూ ఇది కొత్త కాదు. చాలా ఊళ్ళలో స్త్రీల కూడికకి అమ్మలు పిడికెడు బియ్యం సంచి పట్టుకుని వస్తారు. మీ నానమ్మని అడగండి, ఎసరు పెట్టే ముందు ఓ గుప్పెడు తీసి పక్కన పెట్టిన రోజులు చెప్తుంది.

ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కదా, లెక్క వెయ్యకుండా ఉండలేను. పిడికెడు అంటే 50 గ్రాములు అనుకోండి. రోజుకి రెండు పూటలు, 100 గ్రాములు. నెలకి 3 కిలోలు. నలభై కుటుంబాలు అయితే 120 కిలోలు, అంటే దాదాపు 5 బస్తాలు, పాతిక కిలోలవి. ఏడాదికి 1,440 కిలోలు. ఏ ఇంట్లోనూ అన్నం తగ్గినట్టు కూడా తెలియదు. నలభై కుటుంబాలేం చేస్తాయి అని అడిగారు కదా, ఇదీ జవాబు.

ఆ మిజోరం పరిస్థితి చూడండి ఇప్పుడు. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నాక, 30 వేల మందికి పైగా సరిహద్దు దాటి మిజోరంలోకి వచ్చారు. 2023 మేలో మణిపూర్‌లో హింస మొదలయ్యాక అక్కడి నుండి కూడా వేలమంది వచ్చారు. చిన్న రాష్ట్రం, పెద్ద ఆదాయం లేదు. సంఘాలు, ఊరి యువజన సంఘాలు ముందుకొచ్చి బియ్యం, బట్టలు, ఉండటానికి చోటు చూశాయి. అలా చెయ్యగలిగారంటే అది ఒక్క రోజులో వచ్చిన జాలి కాదు. నూరేళ్ళుగా పూట పూటకీ పిడికెడు తీసిన చేతులకి, ఆపద వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఎవరూ నేర్పనక్కర్లేదు.

మనం తప్పిపోయేది ఇక్కడే అనిపిస్తుంది. ఫోన్‌లో మనకి జాలి చాలా వేగంగా వస్తుంది. సూడాన్‌లో 2023 ఏప్రిల్ నుండి యుద్ధం, కోటి మందికి పైగా ఇళ్ళు వదిలేశారు. రీల్ చూస్తాం, కళ్ళలో నీళ్ళు వస్తాయి, షేర్ చేస్తాం. బొటనవేలు పైకి జరిపితే తర్వాతది బిర్యానీ వీడియో. మన గుండె చెడ్డదై కాదు, ఆ జాలికి దిగడానికి మెట్లు లేవు. సంఘం ఇచ్చేది ఆ మెట్లే. ఒక డబ్బా, ఒక రోజు, ఒక లెక్కల పుస్తకం, పేరు పెట్టి అడిగే నలుగురు మనుషులు.

మరి మనం ఏం చేద్దాం?

ప్రాక్టికల్‌గా నాలుగు పనులు చెప్తాను. మీ యవ్వనస్తుల కూడికలో మాట్లాడుకోండి. పాస్టర్ గారితో, సంఘ పెద్దలతో కలిసి చెయ్యండి, వాళ్ళని పక్కన పెట్టి వద్దు.

మొదటిది, బల్ల. ఈ నెలలో వచ్చే ప్రేమ విందులో యవ్వనస్తులు వడ్డించండి, ఆఖరి బంతిలో మీరు తినండి. మామూలుగా గిన్నెలు తోమే అక్కల్ని మొదటి బంతిలో కూర్చోబెట్టండి. చిన్న పనిలా ఉంటుంది. చేసి చూడండి, సంఘంలో ఏమేం బయటపడతాయో మీకే అర్థమవుతుంది.

రెండోది, డబ్బా. బియ్యమైనా సరే, వారానికి పది రూపాయలైనా సరే. అందరూ, ప్రతి వారం. వచ్చిన దాంట్లో ఎక్కువ భాగం మన పేటలోని అవసరాలకే వాడండి, విధవరాలి మందులకి, పిల్లల ఫీజుకి. కానీ కొంత భాగం, వందలో పది అయినా, మనకి ముఖం తెలియని వాళ్ళ కోసం పక్కన పెట్టండి. ఆ పది మన సంఘానికి కిటికీ లాంటిది.

మూడోది, లెక్క. ఇద్దరు లెక్కపెట్టాలి, ఒక్కరు కాదు. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. ఎంత వచ్చింది, ఎక్కడికి వెళ్ళింది, నెలకోసారి ఒక కాగితం మీద రాసి మందిరం గోడకి అంటించండి. లెక్క అడగడం విశ్వాసం లేకపోవడం కాదు, పౌలు నేర్పిన పద్ధతి. ఇంకో జాగ్రత్త: ఎక్కడ విపత్తు వచ్చినా గంటల్లో వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్‌లు తిరుగుతాయి, ఏడుస్తున్న పాప ఫోటోతో సహా. ఫోటో చూసి స్కాన్ చెయ్యొద్దు. మీ డినామినేషన్ ఆఫీసు ద్వారా గానీ, కాసా, ఎఫికార్ లాంటి ఏళ్ళ తరబడి సహాయ పనులు చేస్తున్న సంస్థల ద్వారా గానీ పంపండి, రసీదు తీసుకోండి. సంఘంగా డబ్బు నేరుగా విదేశాలకి పంపాలంటే చట్టపరంగా నిబంధనలు ఉంటాయి, ఆడిటర్‌ని అడగకుండా ఆ పని పెట్టుకోవద్దు.

నాలుగోది, స్నేహం. ప్రపంచం అంటే ఎక్కడో లేదు. గోదావరి జిల్లాల్లో, కడపలో ఎన్ని ఇళ్ళ నుండి అమ్మలు, అక్కలు కువైట్‌కి, ఒమన్‌కి ఇంటి పనికి వెళ్ళారు! శుక్రవారం సెలవు దొరికితే అక్కడ తెలుగు కూడికకి వెళ్తారు. సెలవు దొరకనివాళ్ళు బాత్రూంలో తలుపేసుకుని ఫోన్‌లో మన ఆరాధన లైవ్ చూస్తారు. మీ సంఘం నుండి అలా వెళ్ళినవాళ్ళు ఎవరో లిస్టు రాయండి. వారానికి ఒకరికి ఫోన్ చెయ్యండి. "అక్కా, తిన్నావా" అని అడగండి. నాటాల్‌కి ఓడలో కాపరిని పంపిన తరానికి వారసులం, ఒక వాయిస్ కాల్ చెయ్యలేమా? అలాగే మన ఊళ్ళో ఒడిశా నుండి ఇటుక బట్టీకి వచ్చిన కుటుంబాలు ఉంటాయి, బీహార్ నుండి వచ్చిన మేస్త్రీలు ఉంటారు. కువైట్‌లో మన అక్క ఎలాగో, ఇక్కడ వాళ్ళు అలాగ. వాళ్ళు మన మందిరానికి వస్తారా రారా అన్నది తర్వాత సంగతి. బట్టీ దగ్గర పిల్లవాడికి జ్వరం వస్తే హాస్పిటల్‌కి బండి మీద తీసుకెళ్ళడానికి మతం అడగనక్కర్లేదు. ఒంగోలు కాలువ గట్టు మీద నేర్చుకున్నది అదే కదా.

ఇంకోసారి చెప్తున్నా. మీ సంఘం చిన్నదని తక్కువ చేసుకోకండి, అలాగని మన గోడల లోపలే సరిపెట్టుకోకండి. ముందు పక్కన కూర్చున్నవాడికి జరిగి చోటివ్వండి, అప్పుడు దూరంగా ఉన్నవాడికి కూడా అదే బల్ల మీద చోటు దొరుకుతుంది.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, మా పిడికిళ్ళు తెరవండి. మా బల్ల దగ్గర మేము చూడకుండా వదిలేసిన వాళ్ళని మాకు చూపించండి. యుద్ధాల్లో, శిబిరాల్లో, పరాయి దేశంలో పని ఇళ్ళలో ఉన్నవాళ్ళని కాపాడండి. వాళ్ళకి అన్నం పంపేటప్పుడు మా చేతులు కూడా వాడుకోండి. యేసు నామంలో, ఆమేన్.

ఈ వారం మీ ఇంట్లో ఒక ఖాళీ డబ్బా కడిగి ఆరబెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మాట్లాడుకుందాం, విధవరాండ్ర భోజనం దగ్గర వచ్చిన గొడవ, దాన్ని తీర్చడానికి ఎన్నుకున్న ఏడుగురు.